చలికాలపు ముందస్తు సూచనలను రైతు ఎట్లు వినవలెను?



కార్తికమాసము వచ్చుసరికి ప్రతి సంవత్సరము ఒక వార్త మన ఊళ్ళకు చేరుచున్నది. ఈ ఏడు చలి ఎముకలు కొరుకునని ఒక పత్రిక వ్రాయును. టెలివిజనువారు దానికి మరికొంత చేర్చి చెప్పుదురు. సాయంత్రమునకు ఆ మాట సెల్‌ఫోనులలో ఇంటింటికి తిరుగును. మరునాడు ఉదయము శంషాబాదు టీకొట్టులో నలుగురు కూడినచోట దానిని గూర్చియే చర్చ జరుగును. ఒకరు భయపడుదురు, ఒకరు నవ్వుదురు, ఒకరు విని మరచిపోవుదురు. ఈ ముగ్గురిలో ఎవరిది సరియైన పద్ధతి? రెండు మూడు నెలల ముందుగా చెప్పెడి చలి సూచనను నమ్మి మనము వ్యవసాయపు పనులు మార్చుకొనవచ్చునా? ఈ పాఠములో ఈ ప్రశ్నలకు జవాబు వెదకుదము.

ఒక అనుభవము

మొదట నా తప్పునే చెప్పుకొనవలెను. 2024 అక్టోబరులో శంషాబాదు మండలములోని ఒక గ్రామమున రైతుల సమావేశములో మాట్లాడుచు, ఈ ఏడు లానినా వలన చలి చాల హెచ్చుగా ఉండునట అని పత్రికలో చదివినది చదివినట్లు చెప్పితిని. ఆ మాటకు ఉన్న హద్దులను మాత్రము చెప్పలేదు. ఆ సమావేశమునకు వచ్చిన ఒక రైతు బోరుబావి క్రింద రెండెకరముల వరి వేయువాడు. చలికి నారు చచ్చునను భయముతో నారు పోయుట డిసెంబరు నుండి జనవరి మధ్యకు జరుపుకొనెను. చలి అనుకొన్నంత రాలేదు. కాని అతని వరి ఈనుసరికి ఏప్రిలు ఎండలు ముదిరినవి, బోరులో నీరు జారినది. గింజ పట్టక చాల వెన్నులు తాలుపోయినవి.

మే నెలలో ఆ పొలము గట్టున నిలబడినపుడు ఆయన నాతో ఒకే మాట అన్నాడు: "సారూ, చలికి భయపడి ఎండల వడ్డం." ఆ మాట నాకు ఈనాటికిని గుర్తున్నది. వాతావరణ శాఖవారు ఆయనను నారు ఆపుమని చెప్పలేదు. ఆపుమని నేనును చెప్పలేదు. అయినను చెప్పవలసినది సగమే చెప్పితిని. మిగిలిన సగము ఈ పాఠము.

ముందస్తు సూచన ఎట్లు పుట్టినది?

దీర్ఘకాలిక వాతావరణ సూచనకు మన దేశములో పాత చరిత్ర కలదు. భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడినది. 1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశమును పీడించిన ఘోరమైన కరువు తరువాత, వానలను ముందుగా తెలిసికొను మార్గము కావలెనని ప్రభుత్వము కోరెను. ఆ శాఖకు అధిపతిగా ఉండిన బ్లాన్‌ఫర్డు హిమాలయములపై మంచు ఎంత పడినదో చూచి, 1886లో మొదటిసారి వర్షకాలమునకు ముందస్తు సూచన ఇచ్చెను. తరువాత వచ్చిన గిల్బర్టు వాకరు పసిఫిక్ మహాసముద్రమునకును మన వానలకును గల సంబంధమును లెక్కలతో వెదకి చూపెను. నేడు మనము వినెడి లానినా, ఎల్‌నినో మాటలకు మూలము ఆ పరిశోధనలోనే ఉన్నది.

పసిఫిక్ సముద్రపు మధ్యభాగమున భూమధ్యరేఖ దగ్గర పైనీరు మామూలుకంటె అర డిగ్రీ లేక అంతకు మించి చల్లబడి, కొన్ని నెలలపాటు అట్లే నిలచినచో దానిని లానినా అందురు. వేడెక్కినచో ఎల్‌నినో. సముద్రపు నీరు మెల్లగా మారును గనుక దానిని కొన్ని నెలల ముందే కనిపెట్టవచ్చును. దీర్ఘకాలిక సూచనకు ఆధారము ఇదియే. కాని పసిఫిక్ నీటికిని మన పెరటిలోని చలికిని నడుమ వేలమైళ్ళ గాలి ఉన్నది. ఆ గాలి ఎటు తిరుగునో నెలల ముందు ఎవరును ఖండితముగా చెప్పలేరు.

చలి మన ఊరికి ఎట్లు వచ్చును?

శంషాబాదు విమానాశ్రయము సముద్రమట్టమునకు 617 మీటర్ల ఎత్తున ఉన్నది. మనది పీఠభూమి. ఆకాశము నిర్మలముగా ఉండి, గాలి పొడిగా ఉన్న రాత్రి, పగలు నేల పుచ్చుకొన్న వేడి అంతయు తెల్లవారులోపల పైకి పోవును. దానికి తోడు ఉత్తరపు గాలి వీచినచో చలి ముదురును. ఉత్తర భారతమున పడమటి నుండి వచ్చెడి వాయుగుండములు దాటిపోయిన తరువాత అక్కడి చల్లగాలి దక్షిణమునకు దిగును. అట్టి దినములలోనే మనకు చలి గడ్డు.

దీనికి విరుద్ధముగా బంగాళాఖాతములో వాయుగుండము గాని తుపాను గాని పుట్టినచో మబ్బులు కమ్మును. మబ్బు నేలకు దుప్పటి వంటిది. నేల వేడిని పైకి పోనీయదు. ఉత్తరపు గాలిని తూర్పుగాలి త్రోసివేయును. పగలు చల్లగా తోచినను రాత్రి వెచ్చబడును. కనుక నవంబరు, డిసెంబరు నెలలలో సముద్రములో ఎన్ని వాయుగుండములు పుట్టునో, అవి ఏ తీరమునకు పోవునో అను దానిపై మన చలి చాలవరకు ఆధారపడియున్నది. ఇది అక్టోబరులో ఎవరికిని తెలియదు.

హైదరాబాదులో డిసెంబరు, జనవరి నెలలలో రాత్రి కనీస ఉష్ణోగ్రత సగటున 15 డిగ్రీల ప్రాంతమున ఉండును. ఇక్కడ నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 1946 జనవరి 8న 6.1 డిగ్రీలు. మైదాన ప్రాంతములలో కనీస ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగి, అది మామూలుకంటె 4.5 డిగ్రీలైనను తక్కువగా ఉన్నపుడు వాతావరణ శాఖవారు శీతగాలులు అని ప్రకటింతురు. మన ప్రాంతములో ఈ రెండు హద్దులును ఇంచుమించు ఒకేచోట కలియుచున్నవి. అందుచేత 10 అను అంకె మనకు గుర్తుంచుకొనదగినది.

రెండు చలికాలముల పాఠము

2020లో లానినా ఏర్పడినది. అందువలన ఆ ఏడు చలి హెచ్చుగా ఉండవచ్చునని భారత వాతావరణ శాఖ అధిపతి మృత్యుంజయ మహాపాత్ర చెప్పిరి. 2021 జనవరి 1న ఢిల్లీలో ఉష్ణోగ్రత 1.1 డిగ్రీలకు దిగినది. ఆ మాట నిజమైనది గదా అని ఢిల్లీవారు అనుకొనియుందురు. కాని అదే జనవరి నెలలో దక్షిణ భారతదేశమున రాత్రి ఉష్ణోగ్రతల సగటు 121 సంవత్సరములలో అన్నింటికంటె హెచ్చుగా నమోదైనది. దేశమంతటికి వర్తించునట్లు ప్రచారమైన వార్త ఢిల్లీలో ఒక విధముగా, మన దక్కనులో మరొక విధముగా ఫలించినది.

2024 సెప్టెంబరులో ప్రపంచ వాతావరణ సంస్థవారు, అక్టోబరు మొదలు 2025 ఫిబ్రవరి వరకు లానినా ఏర్పడుటకు నూటికి 60 పాళ్ళు అవకాశమున్నదని చెప్పిరి. వారు చెప్పినది లానినా ఏర్పడుటను గూర్చి. మన పత్రికలలో అది తీవ్రమైన చలి వచ్చునను శీర్షికగా మారినది. చివరకు లానినా ఆలస్యముగా వచ్చి, బలహీనముగా ఉండి, త్వరలోనే తొలగిపోయినది. 2025 జనవరి, 1901 నుండి గల లెక్కలలో దేశమునకు మూడవ అతి వెచ్చని జనవరి. ఫిబ్రవరి అయితే 1901 తరువాత అన్నింటికంటె వెచ్చని ఫిబ్రవరి. మన రైతు నారు ఆపుకొన్నది ఈ చలికాలముననే.

అట్లని ముందస్తు సూచనలన్నియు వట్టివని అనరాదు. 2025 డిసెంబరు మొదట ఇచ్చిన సూచనలో, మధ్య భారతమునను దాని నానుకొనియున్న ద్వీపకల్ప ప్రాంతములలోను ఉష్ణోగ్రతలు మామూలుగా గాని అంతకు తక్కువగా గాని ఉండునని వాతావరణ శాఖవారు చెప్పిరి. ఆ డిసెంబరులో తెలంగాణములో పెక్కుచోట్ల కనీస ఉష్ణోగ్రత ఒంటి అంకెకు దిగినది. సూచన ఒకప్పుడు ఫలించును, ఒకప్పుడు ఫలించదు. నూటికి 60 అనుటలోనే, మిగిలిన 40 మరొక విధముగా జరుగవచ్చునను అర్థము ఇమిడియున్నది.

సూచనలోని మాటలకు అర్థము

మొదటిది, సూచన చెప్పునది మూడు నెలల సగటు. ఏ రాత్రి చలి పడునో అది చెప్పదు. మామూలుకంటె తక్కువ అని చెప్పినపుడు ఆ సగటు ఒక డిగ్రీ తగ్గినను సూచన నిజమైనట్లే. ఎముకలు కొరుకు చలి అను మాట అందులో లేదు.

రెండవది, వెచ్చని చలికాలములో కూడ చలి రాత్రులుండును. తొంబది రాత్రుల సగటు హెచ్చుగా ఉన్నను, వరుసగా నాలుగు రాత్రులు 9 డిగ్రీలకు దిగినచో నారు ఎర్రబడక మానదు. కనుక ఈ ఏడు చలి ఉండదని విని నారుమడిని విడిచిపెట్టుటయు పొరపాటే.

మూడవది, సూచన విశాలమైన ప్రాంతమునకు చెప్పినది. ఒకే రాత్రి బేగంపేటలో ఒక ఉష్ణోగ్రత, రాజేంద్రనగరులో మరొకటి, మీ చెరువు క్రింది పల్లపు పొలములో ఇంకొకటి ఉండును. నగరములోని కట్టడములు, తారురోడ్లు పగటి వేడిని దాచుకొని రాత్రి విడుచును. బయలు పొలములు త్వరగా చల్లబడును. చల్లగాలి బరువైనది గనుక పల్లమునకు జారి అక్కడ నిలుచును.

జనుల మూడు విధముల తీరు

ముందస్తు సూచన మనకు కొత్తది కాదు. ఉగాదినాడు పంచాంగ శ్రవణములో ఈ ఏడు వాన ఎన్ని ఆఢకములో, ఏ పంట ఎట్లుండునో తరతరములుగా వినుచునే యున్నాము. కాని పంచాంగము విని పిత్రార్జితమును ఎవరును పందెము కాయరు. విని, తలయూపి, ఆకాశము చూచి విత్తుదురు. ఆ నిదానము నేటి వార్తల విషయమున తగ్గినది.

భయపడువాడు వెంటనే పని మార్చును. నారు ఆపును, మేకలను అగ్గువకు అమ్మును, అక్కరలేని మందులు కొనును. నవ్వువాడు పోయినసారి తప్పిన సూచనను గుర్తుపెట్టుకొని, ఈసారి నాలుగు దినముల ముందు వచ్చిన గట్టి హెచ్చరికను గూడ పెడచెవిని పెట్టును. ఇతనికి కలుగు నష్టము మొదటివానికంటె తక్కువ కాదు. నెలల ముందు చెప్పు మాటయు, నాలుగు దినముల ముందు చెప్పు మాటయు ఒకే నమ్మకమునకు తగినవి కావని అతడు గుర్తింపడు. మూడవవాడు విని మరచును. అతని నారుమడి అదృష్టము మీద నడచును.

మన ప్రక్కనున్న విమానాశ్రయము నుండి ఒక మంచి పాఠము నేర్చుకొనవచ్చును. 2008 మార్చిలో శంషాబాదున ఈ విమానాశ్రయము పనిచేయ మొదలిడినది. డిసెంబరు, జనవరి ఉదయములలో అక్కడ పొగమంచు కమ్మును. చలికాలము వచ్చుచున్నదనగానే విమానములను ఎవరును రద్దుచేయరు. సిబ్బందిని, పరికరములను సిద్ధము చేసికొందురు. ముందునాటి సూచన చూచి జాగ్రత్తపడుదురు. విమానము దిగవలెనా, మరొక ఊరికి మళ్ళవలెనా అనునది మాత్రము ఆ గంటలో రన్‌వే మీద ఎంత దూరము కనబడుచున్నదో కొలచి నిర్ణయింతురు. దూరపు సూచనతో సిద్ధపడుట, దగ్గరి సూచనతో కదలుట, ఎదుటి కొలతతో నిర్ణయించుట, ఈ మూడు మెట్లును రైతుకు గూడ వర్తించును.

ఏ సూచనతో ఏ పని?

దీర్ఘకాలిక సూచన మూడు నెలలకు ఇచ్చునది. దీనిని విని సామాగ్రి సిద్ధము చేసికొనవలెను. పాత పట్టాలు, యూరియా సంచులు కుట్టి ఉంచుకొనుట, పశువుల కొట్టమునకు తడికలు కట్టుట, చలిని తట్టుకొను వరి రకమును ఎన్నుకొనుట వంటివి చేయవచ్చును. విత్తెడి కాలమును మాత్రము దీనిని బట్టి మార్చరాదు.

వారము మొదలు నాలుగు వారముల వరకు ఇచ్చు సూచనను వాతావరణ శాఖవారు ప్రతి గురువారము వెలువరింతురు. దీనిని బట్టి నారు పోయు తేదీని నాలుగైదు దినములు ఇటునటు జరుపుకొనవచ్చును.

ఐదు దినముల సూచన అన్నిటికంటె మనకు అక్కరకు వచ్చునది. మంగళ, శుక్రవారములలో వెలువడు వ్యవసాయ వాతావరణ సలహాలలో ఇది ఉండును. మేఘదూత్ అను సెల్‌ఫోను యాప్‌లో గూడ తెలుగులో చూడవచ్చును. నారుమడిపై పట్టా కప్పుట, నీరు పెట్టుట, మందు కొట్టుట, కోళ్ళకు వేడి ఏర్పాటు చేయుట వంటివి దీనిని బట్టి చేయవలెను.

ఖర్చు, నష్టముల లెక్క

ఏ జాగ్రత్త తీసికొనవలెను, దేనిని మానవలెను అనుటకు ఒక చిన్న లెక్క ఉన్నది. ఈ క్రింది రూపాయలు ఉదాహరణకు మాత్రమే. మీ లెక్క మీరు వేసికొనుడు.

ఒక ఎకరమునకు కావలసిన ఐదు సెంట్ల నారుమడిని కప్పుటకు పట్టా, కర్రలు, కూలి కలిపి 2,000 రూపాయలు అగుననుకొందము. నారు చెడినచో విత్తనము, దున్నకము, ఆలస్యము కలిపి 8,000 రూపాయల నష్టమనుకొందము. ఖర్చు నష్టములో నాలుగవ వంతు. అనగా గట్టి చలి పడు అవకాశము నాలుగింట ఒకటికి మించినచో పట్టా కొనుట లాభము. ఆ పట్టా రెండేండ్లు వచ్చినచో ఖర్చు సగమగును, ఎనిమిదింట ఒక అవకాశమున్నను కొనవచ్చును. ఇట్టి పనికి నూటికి 60 పాళ్ళ సూచన మిక్కిలి చాలును. సూచన తప్పినను పోయినది స్వల్పము.

ఇప్పుడు నారును నెల దినములు ఆపుటను లెక్కింపుడు. ఆపినందువలన కలుగు నష్టము చలి వచ్చినను వచ్చును, రాకున్నను వచ్చును. పూత ఎండలో పడును, బోరు నీరు తగ్గును, కోతవేళకు గాలివానలు, వడగండ్లు వచ్చును. పోయిన కాలమును తిరిగి తెచ్చుకొనలేము. ఇట్టి పనికి నూటికి 60 పాళ్ళ సూచన ఎంతమాత్రము చాలదు. తక్కువ ఖర్చుతో, వెనుకకు తీసికొనదగిన పనులను సూచన విని చేయుడు. ఎక్కువ ఖర్చై, వెనుకకు తీసికొనలేని పనులను దాని మీద ఆధారపడి చేయకుడు.

వరి నారుమడి

యాసంగిలో స్వల్పకాలిక రకములను డిసెంబరు మధ్యలోపల నారు పోయుట మేలు. అప్పుడు పూత తీవ్రమైన ఎండలకు ముందే ముగియును. పూత సమయమున ఎండ 35 డిగ్రీలు దాటినకొలది పుప్పొడి చచ్చి తాలు హెచ్చగును. రాజేంద్రనగరులో రూపొందిన తెల్లహంస వంటి రకములు చలిని బాగుగా తట్టుకొనును.

విత్తనము 24 గంటలు నానిన తరువాత, తడి గోనెలలో కట్టి, పైన గడ్డి కప్పి వెచ్చనిచోట ఉంచవలెను. వానకాలములో ఒక దినములో మొలచునది చలిలో రెండు దినములు పట్టును. మొలక రాలేదని తొందరపడి మడిలో చల్లరాదు.

నారుమడిలో సాయంత్రము నీరు తీసివేసి, ఉదయము కొత్త నీరు పెట్టవలెను. రాత్రి మడిలో నిలచిన నీరు చల్లబడి వేళ్ళను బిగుసుకొనజేయును. బోరు నీరు భూమి లోపలినుండి వచ్చును గనుక చలికాలపు ఉదయమున మడినీటికంటె వెచ్చగా ఉండును. ఐదు సెంట్ల మడికి వానకాలమున ఒక కిలో భాస్వరము చాలును. యాసంగిలో చలి వలన వేరు భాస్వరమును సరిగా పీల్చలేదు, కావున రెండు కిలోలు వేయవలెను.

ఐదు దినముల సూచనలో కనీస ఉష్ణోగ్రత 10 లేక 11 డిగ్రీలని చూచినపుడు, మడి మీద కర్రలు వంచి, సాయంత్రము పట్టా గాని కుట్టిన సంచులు గాని కప్పి, ఉదయము ఎండ రాగానే తీసివేయవలెను. పట్టా ఆకులను తాకరాదు. పగలు కప్పి ఉంచినచో నారు ఉడికిపోవును. ఆకులపై తుప్పు మచ్చలు వచ్చి నారు గిడసబారినచో లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి చల్లవలెను. చలిలో నారు మెల్లగా పెరుగును గనుక దినములు లెక్కింపక, నాలుగైదు ఆకులు వచ్చినవో లేదో చూచి నాటుడు.

ఇతర పంటలు

మొక్కజొన్న లేతదశలో ఆకులు ఊదారంగుకు తిరిగినచో భయపడి బస్తాలకొలది ఎరువు వేయకుడు. నేలలో భాస్వరము ఉన్నను చలికి వేరు అందుకొనలేకపోవుటయే దానికి కారణము. 19-19-19 ఎరువును లీటరుకు 10 గ్రాముల వంతున పిచికారి చేసినచో మొక్క కోలుకొనును. చలి తగ్గగానే కొత్త ఆకులు పచ్చగా వచ్చును.

నువ్వును చలి తగ్గిన పిమ్మట, జనవరి రెండవ పక్షము నుండి విత్తుట మంచిది. శనగకు మాత్రము చలి మిత్రుడు. చలి నిలచినకొలది పూత, కాయ హెచ్చగును. ఫిబ్రవరిలో త్వరగా వెచ్చబడినచో గింజ నిండక ముందే పంట ఎండును. 2025 వంటి ఫిబ్రవరిలో శనగరైతు చలి కొరకు ఎదురుచూడవలసివచ్చును. చలి అనగానే అందరికి కీడని తలచుట ఎంత పొరపాటో దీనిని బట్టి తెలియును.

శంషాబాదు, మొయినాబాదు, చేవెళ్ల ప్రాంతములవారు నగరమునకు కూరగాయలు, ఆకుకూరలు, పూలు పంపుదురు. రాత్రి 13 డిగ్రీలకు దిగినచో టమాటాలో పిందె తగ్గును. చలితో బాటు మబ్బు, మంచు ఉన్నచో ఆకుమాడు తెగులు వచ్చును. సాయంత్రము ఆకులు తడియునట్లు నీరు పెట్టకుడు. గట్టి చలి సూచన ఉన్నపుడు సాళ్ళలో పలుచగా నీరు పారించినచో తడినేల వేడిని నిలుపుకొనును. పాలకూర, కొత్తిమీర కోత నాలుగైదు దినములు ఆలస్యమగును, కావున మడులను ఒకేసారి కాక వంతులవారీగా చల్లుకొనుడు. మామిడికి చల్లని రాత్రులు పూతను తెచ్చును. అయితే పూతపై మంచు, మబ్బు నిలచినచో తేనెమంచు పురుగును, బూడిద తెగులును కనిపెట్టి ఉండవలెను.

పశువులు, కోళ్ళు, దారి

చలిలో మొదట నష్టపోవునవి లేత ప్రాణములు. ఈనిన రెండు వారములలోపలి దూడలను, మేకపిల్లలను రాత్రి నేలమీద గడ్డి పరచి, ఉత్తరపుగాలి తగులకుండ కట్టవలెను. కోడిపిల్లలకు మొదటి వారము 33 నుండి 35 డిగ్రీల వేడి కావలెను. గది మూసి బొగ్గుల కుంపటి పెట్టుట పశువులకును మనుష్యులకును ప్రాణాపాయము. గాలి ఆడునట్లు చూడవలెను.

తెల్లవారుజామున కూరగాయలతో బెంగుళూరు రహదారి ఎక్కువారు పొగమంచును లెక్కచేయక పోరాదు. ట్రాక్టరు ట్రాలీకి వెనుక ఎర్రని మెరుపు పట్టీలు అంటించుడు. ఎదుటి బండి కనబడనపుడు రహదారి వదలి ప్రక్కన ఆగుడు. అంగడికి ఒక గంట ఆలస్యమైనచో నష్టము కొంచెమే.

మీ పొలములోనే కొలత

ఈ పాఠములో మీరు చేయవలసిన పని ఒకటి ఉన్నది. గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు చూపు ఉష్ణమాపకమును ఒకదానిని ఊరికి కలిసి కొనుడు. నీడలో, గాలి తగులునట్లు, నేలకు నాలుగడుగుల ఎత్తున, నారుమడి దగ్గర కట్టుడు. డిసెంబరు మొదటి తేదీ నుండి 45 దినములు ప్రతి ఉదయము కనిష్ఠము చూచి పుస్తకములో వ్రాయుడు. దాని ప్రక్కనే ఆ దినమునకు చెప్పిన సూచనను గూడ వ్రాయుడు.

రెండింటికి గల తేడా పది పదునైదు దినములలోనే బయటపడును. సూచన కంటె మీ పొలము సగటున రెండు డిగ్రీలు చల్లగా ఉన్నదనుకొనుడు. అప్పుడు సూచన 12 అనినపుడు మీకు 10 అని తెలియును. పట్టా కప్పవలసిన రాత్రి ఏదో మీకు ఎవరును చెప్పనక్కరలేదు. ఈ పుస్తకము మూడేండ్లు నడిపినచో, ఏ పత్రిక శీర్షికయు ఇవ్వలేని సమాచారము మీ చేతిలో ఉండును.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. మూడు నెలల సూచన సగటును చెప్పును. ఏ రాత్రి చలియో చెప్పదు.

2. లానినా వచ్చునను మాట వేరు, మన ఊరిలో గట్టి చలి వచ్చునను మాట వేరు.

3. దూరపు సూచన విని సామాగ్రి సిద్ధపరచుడు, ఐదు దినముల సూచన విని పని చేయుడు.

4. చలి భయముతో యాసంగి నారును డిసెంబరు మధ్య దాటనీయకుడు.

5. చలి ఉండదని విన్నను నారుమడి పట్టాను అటక మీద పెట్టకుడు. శివరాత్రికి చలి శివశివా యని పోవునని పెద్దలన్నారు. అంతవరకు పట్టా చేతికి అందునంత దూరములో ఉండవలెను.

6. ఒకసారి సూచన తప్పినదని తరువాతి హెచ్చరికను త్రోసిపుచ్చకుడు.

పైన చెప్పిన రైతు మరుసటి యాసంగిలో డిసెంబరు మొదటి వారముననే నారు పోసెను. ఈసారి నేను ఆయన మడి దగ్గరకు పోయి మొదట చూపినది ఉష్ణమాపకము. పత్రికను సంచిలోనే ఉంచితిని.